గడ్డిబావ కాచిన పొయ్యి

ఆ గడ్డిభూముల అభయారణ్యానికి ఇరవై రెండేళ్లుగా అతనొక్కడే కాపలాదారు. అభయారణ్యమన్నాక పులులుండాలి, కనీసం చెట్లన్నా ఉండాలి కదా అని బావమరుదుల బాధ. అందుకే 'గడ్డిబావ' అని పేరు పెట్టారు.

"బావా, గడ్డి ఎక్కడికైనా పారిపోతోందా?"

"మీ అక్కని కట్టుకుని నేనే పారిపోలేకపోయాను, గడ్డెక్కడికి పోతుందిరా!"

ఓ వానాకాలం వాగు ఒడ్డు కోసుకుపోయి రాతిచెక్కలు బయటపడ్డాయి. ఒకవైపు బొటనవేలు ఆనడానికి నునుపు, మరోవైపు కత్తిలాంటి అంచు. ఎవరో పనిగట్టుకుని చెక్కినవేనని చేత్తో పట్టుకోగానే అతనికి తెలిసిపోయింది. పక్కనే బూడిద చార, కాలిన ఎముకలు. ఒక రాయి తీసుకుని పరుగున వెళ్లి అధికారికి చూపించాడు. ఆయన అటూ ఇటూ తిప్పి, "బాగుందయ్యా" అంటూ ఫ్యాను గాలికి ఎగిరే కాగితాల మీద పెట్టుకున్నాడు. ఆ విధంగా ఆదిమానవుడు ప్రభుత్వ సేవలో చేరాడు.

మూడేళ్లకు, ఏదో అనుమతి కోసం వచ్చిన పురావస్తు పరిశోధకురాలు బల్ల మీద ఆ రాయిని చూసి నోరు తెరిచింది. వేల ఏళ్లనాటి పనిముట్టట!

"మా శాఖ నిరంతర అన్వేషణ ఫలితం, మేడమ్," అన్నాడు అధికారి. ఆ అన్వేషణ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

వారంలో బోర్డు వచ్చింది: 'ఇక్కడ తవ్వరాదు.' దాన్ని పాతడానికి కూలీలు సరిగ్గా బూడిద చార మీదే గడ్డపార ఎత్తారు.

"అయ్యా, పది అడుగులు అవతల పాతించండి. ఇక్కడ వాళ్ల పొయ్యి ఉంది," అన్నాడు గడ్డిబావ.

"నక్షాలో చుక్క ఇక్కడే ఉంది. చుక్క జరగాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి," అన్నాడు కూలీల వెంట వచ్చిన అధికారి.

ఏనాడూ ఎదురుచెప్పని మనిషి గడ్డపారకు అడ్డంగా మఠం వేసుక్కూర్చున్నాడు. "వచ్చేదాకా ఇక్కడే ఉంటానండీ. కాపలాయే కదా నా ఉద్యోగం."

ఉత్తర్వు రాలేదు గానీ, కబురందుకున్న పరిశోధకురాలు వచ్చి అధికారిని చెడామడా దులిపేసింది. బోర్డు పది అడుగులు జరిగింది. అధికారికి ప్రశంసాపత్రం, గడ్డిబావకు విధులకు ఆటంకం కలిగించినందుకు సంజాయిషీ నోటీసు దక్కాయి.

తవ్వకం మొదలైన రోజు పరిశోధకురాలు బ్రష్షు అతని చేతికే ఇచ్చింది. పొయ్యిరాళ్ల మీద మట్టి తుడుస్తుంటే అతని కళ్లు చెమర్చాయి. చూడడానికి వచ్చిన భార్య, ఆ ఎముకల గుట్ట వైపు తేరిపార చూసింది.

"అప్పుడూ తిన్నచోటే పారేసి పోయేవారన్నమాట, మీ మగవాళ్లు!"