మోరి పైసలతో కమాను

మురుగు పోయే మోరికి వచ్చిన పైసలతో ఊరి ముందు స్వాగత కమాను కడతామంటే మీరు చప్పట్లు కొడతారా? మా కౌన్సిల్‌లో కొట్టారు. నేనూ అందులో సభ్యుణ్ణే.

అప్పుడు మాది వరంగల్ పక్కన చిన్న టౌను. నేతగాళ్ల గల్లీలో మోరి కట్టమని సర్కారు పంపిన డబ్బును కమానుకు మళ్లించాలని చైర్మన్ తీర్మానం పెట్టాడు. తూర్పున కమాను లేకనే ఊరికి అరిష్టమని ఎవరో జ్యోతిష్యుడు చెప్పాడట. నేను లేచి జ్యోతిష్యం బూటకమని అరగంట దంచాను. మోరి మాటే ఎత్తలేదు.

వెనక బెంచీలోంచి ఒక ముసలి నేతగాడు లేచాడు. ఆయనది గుంటమగ్గం, గుంటలో కాళ్లు పెట్టుకునే నేయాలి. వాన పడితే గల్లీ మురుగంతా అందులోకే దిగేది.

"జర సబర్ చెయ్ తాతా," అన్నాడు చైర్మన్, కాస్త ఓపిక పట్టమని చెయ్యి చూపిస్తూ.

"సబర్ చేస్తనే ఉన్న బిడ్డా. మురుగు మోకాళ్ల దాకొచ్చింది."

అందరూ నవ్వారు. నవ్వుతూనే తీర్మానానికి చేతులెత్తారు.

కమాను లేచింది. మరుసటి వానల్లో తాత మగ్గం విప్పి అమ్ముకుంటే, ఆ కట్టెలు ఆ కమాను కిందనుంచే బండి మీద పోయాయి.

మీ సభ్యులు చేతులెత్తే రోజు వెళ్లి ఎదురుగా కూర్చోండి. దేనికొచ్చిన డబ్బు దానికే పెట్టమని నిలదీయండి. నాలాంటివాడు ఉపన్యాసం మొదలుపెడితే, ముందు మోరి సంగతి చెప్పమనండి.