పిక్కల కాలం దాటేదాకా

మా పెద్దమ్మకు రెండు ఇళ్ళు. ఊరి మధ్యలో ఉన్నది పాత పెంకుటిల్లు. ఊరి చివర, మందస వెళ్ళే రోడ్డు పక్కన పెద్దనాన్న కట్టించిన డాబా ఇంకొకటి. ఆ డాబాలో కొన్నాళ్ళు బ్యాంకు ఉండేది. బ్యాంకు పలాసకు తరలిపోయాక దానికి తాళం పడింది. పెద్దనాన్న కిడ్నీ జబ్బుతో పోయిన తర్వాత పెద్దమ్మ అటువైపు వెళ్ళడమే మానేసింది. ఆవిడకు పిల్లలు లేరు. నేను పలాసలో బడిపంతులమ్మను కాబట్టి ఆదివారాలు బస్సెక్కి ఆవిడ దగ్గరికి వెళ్ళేదాన్ని. అలా ఆ డాబా గొడవ చాలావరకు నా ఎదుటే జరిగింది.

ఒక ఆదివారం పిల్లల సంస్థ ఒకటి నడిపేవాళ్ళ తరఫున ఒకామె వచ్చింది. ఆ తర్వాత ఊరంతా ఆవిణ్ణి మేడం అన్నారు, నేనూ అలాగే అంటాను. రైల్వే స్టేషన్లలో దొరికిన పిల్లల కోసం ఇల్లు వెతుకుతున్నామని చెప్పింది. ఇంట్లోంచి పారిపోయినవాళ్ళు, చిల్లర దొంగతనాల్లో పట్టుబడినవాళ్ళు, అమ్మానాన్నలున్నా తిరిగి అక్కడికి పంపడానికి వీల్లేనివాళ్ళు. అందరూ మగపిల్లలే, పదీ పద్నాలుగేళ్ళ మధ్యవాళ్ళు. అనుమతులు వచ్చాయి, చూసుకునే మనుషులున్నారు, చోటే దొరకడం లేదు. పలాసలో రెండు వీధుల్లో ఇళ్ళు చూసుకున్నారట. రెండు చోట్లా వీధివాళ్ళు అడ్డం పడ్డారట.

పెద్దమ్మ అంతా విని, "సేపలు తింతారా ఆ గుంటలు?" అని అడిగింది. మా వైపు పిల్లల్ని గుంటలంటారు.

"ఏది పెడితే అది తింటారండి" అంది మేడం.

"అయితే ఇల్లు సూసుకోండి" అని తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

మర్నాటికే ఊరికి తెలిసిపోయింది. అందరికంటే ముందు పెద్దనాన్న తమ్ముడు వచ్చాడు. నాకు బాబాయి వరస. ఒకప్పుడు సర్పంచిగా చేశాడు. డాబా వెనక ఉన్న జీడితోట ఆయనదే. గొంతు పెంచే మనిషి కాదు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి అప్పుడు మొదలుపెట్టాడని పెద్దమ్మ చెప్పింది.

"వదినా, ఇల్లు నీది. కాదనను. కానీ ఆ గుంటలు ఎలాటోళ్ళో నీకు తెలుసా?"

"తెల్దు. నీకు తెలుసా?"

"రైల్లో జేబులు కొట్టినోళ్ళు. ముందర పిక్కల కాలం. నా తోట దాని ఎనకాలే ఉన్నాది."

అదే అసలు సంగతి. మా వైపు వేసవికి జీడిపండ్లు రాలతాయి. పండును వదిలేసి దాని అడుగున వేలాడే పిక్కను, అంటే జీడిగింజను, తీసుకుంటారు. ఆ రెండు మూడు నెలలు తోటలున్నవాళ్ళు తోటల్లోనే కాపలా పడుకుంటారు. సొంత చుట్టాలనే నమ్మని కాలం అది.

వారం తిరక్కుండానే పంచాయతీ ఆఫీసు ముందు సభ పెట్టారు. బడికి సెలవు కావడంతో నేను కూడా వెళ్ళాను. ఆడవాళ్ళం ఒకవైపు గోడవారగా నిలబడ్డాం. మేడం ఒక్కతే కుర్చీలో కూర్చుంది, ఒళ్ళో సంచి పెట్టుకుని.

ఒక ఆటో డ్రైవరు లేచాడు. "పలాసోళ్ళు ఒద్దన్నారు కాబట్టి మా ఊరొచ్చినారు. ఆళ్ళకొద్దయినయి మాకెందుకండి? నీళ్ళ కుళాయి కావాలని ఎన్నేళ్ళు తిరిగినాం. ఇదైతే అడక్కుండానే వచ్చీసింది" అన్నాడు. ఆ మాటకు చాలామంది తలలూపారు. నాకు కూడా అందులో తప్పేమీ కనబడలేదు.

డాబాకు ఎదురింటి ఆవిడకు పదో తరగతి చదివే కూతురుంది. ఆవిడ మేడంను సూటిగా అడిగింది. "ఆ గుంటలు తప్పు పని సెయ్యరని మీరు రాసిత్తారా?"

మేడం ఒళ్ళోని సంచి పక్కన పెట్టింది. "రాసివ్వలేనండి. కొందరు చేస్తారు. మొదట్లో ఎక్కువ చేస్తారు. మేం అందుకే ఉన్నాం" అంది.

ఆ జవాబుతో సభ చెడిపోయింది. అబద్ధం చెప్పి ఉంటే తేలిగ్గా అయిపోయేదేమో. మా పక్కనున్న ఆడవాళ్ళు, "సూసినావా, ఆవిడే ఒప్పుకుంతంది" అని గుసగుసలాడుకున్నారు. అప్పుడు బాబాయి ఒక దారి చెప్పాడు. సముద్రపు ఒడ్డున పాత తుఫాను షెల్టరు ఖాళీగా పడి ఉంది. ఊరికి దూరం. అక్కడ పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

దానికి మత్స్యకారుల పేట నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన లేచాడు. "గాలివానొత్తే మేమెక్కడికి పోవాలి బాబూ? ఆ గుంటల్ని బయటికి తోలీసి మేమెళ్ళాలా?" అని మాత్రం అడిగి కూర్చున్నాడు. మేడం కూడా, పిల్లల్ని సముద్రం పక్కన ఒంటరిగా పెట్టలేమని చెప్పింది.

చివరికి మాట హామీ దగ్గర ఆగింది. రేపేదైనా జరిగితే ఎవరిని అడగాలి? సంస్థవాళ్ళు బయటివాళ్ళు, ఆఫీసర్లు బదిలీ అయిపోతారు. ఊరివాళ్ళెవరైనా పూచీ పడాలి. ఈ మాట మూడు నాలుగు నోళ్ళలో తిరిగాక పెద్దమ్మ గోడవార నుంచి ముందుకొచ్చింది. సభలో ఆవిడ మాట్లాడగా నేను చూసింది అదొక్కసారే.

"నేనా డాబాలోకి ఎల్లిపోతాను. ముందరి గదులు రెండూ నాకు. ఎనకవి ఆళ్ళకి. ఏటైనా పోతే ముందర నాదే పోతాది. అడగాలంటే నన్నడగండి."

"వదినా, నీకేటైనా అయితే ఊరు మమ్మల్నంటాది" అన్నాడు బాబాయి.

"అననీ."

"పిక్కల కాలం దాటేదాకా సూద్దాం. బాగుంటే ఉంటారు, లేపోతే ఎల్లిపోతారు" అన్నాడు బాబాయి. అలా తేలింది. ఎదురింటి ఆవిడ మాత్రం ఒప్పుకోకుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ మంచం, స్టవ్వు, దేవుడి పటాలు డాబాకు చేర్చడానికి నేను సాయం వెళ్ళాను. పిల్లలు వచ్చిన రోజు నేను లేను. తర్వాతి ఆదివారం చూశాను. ఊహించుకున్నంత భయంకరంగా లేరు, జాలి పుట్టేంత బుద్ధిగానూ లేరు. ఒకడు నా చెప్పులు వేసుకుని వరండా అంతా తిరిగాడు. ఇంకొకడు ఒడియాలో తప్ప మాట్లాడడు. పెద్దమ్మ పుట్టిల్లు ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం కాబట్టి వాడికి ఆవిడ మాటే అర్థమయ్యేది. ఇద్దరు రోజూ కొట్టుకునేవారు. వచ్చిన కొన్నాళ్ళకే ఒకడు పారిపోయి పలాసలో రైలెక్కాడు. మేడం ఒడిశాలో ఖుర్దా దాకా వెళ్ళి వెతికింది. దొరకలేదు. ఇప్పటికీ వాడి సంగతి తెలియదు.

పిక్కల కాలం వచ్చింది. తోటలన్నీ పులిసిన జీడిపండ్ల వాసన. ఒక ఆదివారం పొద్దున నేను డాబాకు చేరేసరికి వరండాలో ముగ్గురు పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ మూతులు చూసి గుర్తుపట్టలేకపోయాను. పెదాలు వాచిపోయాయి. గడ్డం మీద, వేళ్ళ మీద నల్లటి బొబ్బలు. ఒకడికి కన్ను మూసుకుపోయింది. నేను అడిగేలోపే బాబాయి ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తోటలో పండ్లు కింద అలాగే ఉన్నాయని, పిక్కలు మాత్రం ఎవరో తుంపుకుపోయారని చెప్పడానికి వచ్చాడు. చెప్పబోతూ ఆ మొహాలు చూశాడు.

"ఏటిది వదినా?"

"నీ పిక్కలే బాబూ. రాత్రి తెచ్చుకున్నారు. పచ్చివి పళ్ళతో కొరికీసినారు."

జీడిపిక్క పెంకులో ఉండే రసం తగిలితే ఒళ్ళు కాలుతుంది. మా ఊళ్ళో నడక వచ్చిన ప్రతి బిడ్డకూ ఆ సంగతి తెలుసు. బాబాయి ఆ ముగ్గుర్నీ ఒకరి తర్వాత ఒకర్ని చూశాడు.

"పచ్చి పిక్క నోట్లో ఎట్టుకుంతారేట్రా ఎవులైనా?"

ఆయన గుమ్మంలో నిలబడ్డ మేడం వైపు తిరిగాడు. "మీరైనా సెప్పలేదేటండి ఆళ్ళకి?"

"నాకూ తెలియదండి. మాది రాజమండ్రి వైపు" అంది మేడం. ఆవిడ నిద్రపోయినట్టు లేదు.

వెంట వచ్చినవాళ్ళలో ఒకడు నవ్వాడు. బాబాయి నవ్వలేదు. కోపంగానే ఉన్నాడు, కానీ ఆ కోపం ఎవరి మీదో ఆయనకే తెలియనట్టుంది. మనిషిని పంపి ఇంటి నుంచి కొబ్బరినూనె తెప్పించాడు. కన్ను వాచినవాణ్ణి బండి మీద ముందు కూర్చోబెట్టుకుని మందస ఆసుపత్రికి తీసుకుపోయాడు. తిరిగొచ్చాక పెద్దమ్మతో, "కన్నుకేటీ కాదన్నారు" అని చెప్పి గుమ్మం తొక్కకుండానే వెళ్ళిపోయాడు.

ఊళ్ళో దీని మీద రెండు రకాలుగా అనుకున్నారు. దొంగలని తేలిపోయింది కదా, పంపెయ్యండి అన్నవాళ్ళున్నారు. దేవుడే శిక్ష వేశాడు, ఇక మనమేం చేస్తాం అన్నవాళ్ళున్నారు. తోట బాబాయిది, ఆయనే సభ పెట్టమనలేదు కాబట్టి ఎవరూ పెట్టలేదు. కొన్నాళ్ళకు ఎదురింటి కిటికీలోంచి ఒక ఫోను పోయింది. పోలీసులు వచ్చి పిల్లల్ని అడిగారు. తేలలేదు. ఆ ఫోను ఎవరు తీశారో నాకిప్పటికీ తెలియదు. ఎదురింటి ఆవిడ కూతురిని డాబా ముందునుంచి కాకుండా చుట్టుదారిన బడికీ ట్యూషనుకూ పంపడం మొదలుపెట్టింది. ఆదివారాలు ఎండలో ఆ పిల్ల ట్యూషనుకు పుస్తకాల సంచితో చుట్టూ తిరిగి వెళ్ళడం చూస్తే నాకు ఆ తల్లి మీద కోపం వచ్చేది కాదు.

పిక్కల కాలం దాటింది. పిల్లల్ని ఏం చెయ్యాలని ఎవరూ అడగలేదు. ఇంకో పిక్కల కాలం కూడా వెళ్ళింది. అప్పుడు ఇలాంటి ఇళ్ళు పెద్ద ఆసుపత్రికి దగ్గరలో ఉండాలని పైనుంచి చెప్పారట. సంస్థవాళ్ళు టెక్కలిలో హైవే పక్కన ఒక మేడ చూసుకున్నారు. అక్కడి కాలనీవాళ్ళు అడ్డం పడ్డారు. మేడం ఫోన్ చేసి, వచ్చి రెండు మాటలు చెప్పమని బాబాయిని అడిగింది. ఆయన వెళ్ళాడు. తోడు నన్ను రమ్మన్నాడు, టౌనువాళ్ళతో మాట్లాడటం నాకైతే వచ్చునని.

ఆ కాలనీలో ఎక్కువమంది ఆఫీసు ఉద్యోగులు. ఆ పిల్లలు ఎలాంటివాళ్ళని ఒకాయన బాబాయిని అడిగాడు.

"నా తోటలో పిక్కలు ఎత్తుకుపోనారు" అన్నాడు బాబాయి.

"మరి ఎలా ఉంచుకున్నారండీ?"

"మా ఊరి గుంటలూ ఎత్తుకుపోతారు. ఆళ్ళనెక్కడికి పంపుతాం?"

దాంతో కాలనీవాళ్ళకు ఇంకా బలం వచ్చింది. నేను సర్దిచెప్పబోయాను గానీ లాభం లేకపోయింది. ఆ మేడ దొరకలేదు. చివరికి టెక్కలి బయట, చుట్టూ పొలాలు తప్ప ఇళ్ళు లేని చోట పాత హాస్టల్ ఒకటి దొరికింది. అక్కడ అడ్డు చెప్పడానికి ఎవరూ లేరు.

తిరిగొచ్చే బస్సులో బాబాయి కిటికీ పక్కన కూర్చున్నాడు. పలాసలో దిగేముందు, "సదువుకున్నోళ్ళు కదా, ఆలకిత్తారనుకున్నాను" అన్నాడు.

పిల్లలు వెళ్ళిపోయిన రోజు పెద్దమ్మ ఏడవలేదు. ఒడియా పిల్లవాడు మాత్రం వ్యాను ఎక్కనని కాసేపు మొండికేశాడట. డాబా వెనక గదులు ఇప్పుడు పిక్కల వ్యాపారి ఒకాయన గోడౌనుగా వాడుకుంటున్నాడు. పెద్దమ్మ పెంకుటింటికి తిరిగి వెళ్ళలేదు. ఎందుకని అడిగితే, రోడ్డు మీద బస్సులు కనబడతాయి, పొద్దు పోతాది అంటుంది. ఈమధ్య టెక్కలి నుంచి మేడం ఒకసారి వచ్చి, మధ్యాహ్నం చేపల పులుసుతో భోంచేసి వెళ్ళింది.