వర్గమూలం గీత

మా పక్కింటి బాలకోటయ్య నరసరావుపేట హైస్కూల్లో సైన్సు మేష్టారు. యుద్ధం రోజులు, కాగితం కరువు. అందుకని ఇంట్లో నాపరాళ్ల నేల మీదే సుద్దముక్కతో లెక్కలు వేసేవాడు. అదే బడిలో తెలుగు చెప్పుకునే నాకవి బ్రహ్మరాతలే.

అడిగితే ఓపిగ్గా చెప్పేవాడు.

"ఎలక్ట్రాను దగ్గరికి పోయేకొద్దీ విద్యుత్ బలం పెరుగుద్ది బాబాయ్. పాత సిద్ధాంతంలో దానికి అంతు లేదు. ఎలక్ట్రాను శక్తి కూడా అనంతమైపోద్ది. అట్టా ఎక్కడన్నా ఉంటదా? బలానికి హద్దు పెట్టే కొత్త సూత్రం ఒకటొచ్చింది. దాన్ని నేను కాస్త మార్చి చూస్తన్నా."

మార్చాక కూడా శక్తి అనంతం కాదని చూపిస్తే పరిశోధనకు చేర్చుకుంటానని మద్రాసు ప్రొఫెసరొకాయన రాశాడు. ముప్పయ్యేళ్లు దాటినవాడికి అంతకంటే ఏం కావాలి! నెలల తరబడి నేలకు అంటుకుపోయాడు. చివరికి లెక్క తేలింది. జవాబు చుట్టూ గడి గీసి, నవ్వుకుంటూ బడికొచ్చాడు.

వాళ్లమ్మ రాఘవమ్మకు కొడుకు లెక్కంటే ముగ్గుతో సమానం. తడిగుడ్డ తగలనిచ్చేది కాదు. అయితే ముగ్గన్నాక కొస విడిచిపెట్టకూడదు, ఇంటికి అరిష్టం. వర్గమూలం మీది గీత మధ్యలో ఆగిపోయి కనిపించేసరికి, దాన్ని లాగి గడికి కలిపేసింది.

సాయంత్రం బాలకోటయ్య ఆ సంబరంలోనే జవాబును మంచి కాగితం మీద ఎత్తిరాసి పోస్టు చేశాడు. వర్గమూలం బయట ఉండాల్సిన పదం లోపలికి పోయిందని చూసుకోలేదు.

'మీ సూత్రం ప్రకారం శక్తి మళ్లీ అనంతమే' అని మద్రాసు నుంచి జవాబొచ్చింది. నేల మీద చూసుకుంటే సంగతి అర్థమైంది. దిద్ది పంపేలోగా ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశారు.

నాకు ఒళ్లు మండింది. "ఇంత చదివి, ఎత్తిరాసేటప్పుడు కళ్లు ఏమైనయ్యిరా?"

"తప్పు నాదే బాబాయ్."

అంతలో రాఘవమ్మ మజ్జిగ తెచ్చింది. "ఏందిరా, వద్దన్నారా?"

"వయసు మించిందంటమ్మా."

"పోనీలే. నువ్వెప్పుడూ గీతల కొసలు అట్టనే వదిలేస్తావు. ఆ రోజు నేను చూసి ఒకటి కలిపా గాబట్టి దీంతో పోయింది. లేకపోతే ఇంకేం ముంచుకొచ్చేదో!"

మాట నా నోటిదాకా వచ్చింది. బాలకోటయ్య నా చెయ్యి నొక్కాడు. లెక్కలో ఒక్క గుర్తు తప్పినా పిల్లల్ని బెంచీ ఎక్కించే మనిషి.

"అవునమ్మా, నువ్వు కలపబట్టే" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది.