నర్సింగం చేసుడు

ఈ ముచ్చట నాకు ముందుగాల చెప్పినోడు మా బామ్మర్ది యాదగిరి. జరిగింది నాకే, చెప్పింది సుత నాకే, మౌలాలిల ఒక పెండ్లిల, పదిమంది నడుమ. గప్పటికెల్లి మా సుట్టాలల్ల ఎవలు ఎడ్డి పని చేసినా "నర్సింగం చేసినవ్" అంటరు. నర్సింగం నా పేరు. నలభై ఏండ్లు గోడలు కట్టిన మేస్త్రీని. అచ్చరం అచ్చరం కూడబలుక్కొని రాస్తున్న, జెర ఓపికతోని సదువుండ్రి.

పోలీసు యాక్షన్ దినాలు. తిరుమలగిరికి మిలిటరీ వస్తుందని, ఇండ్లు లూటీ అయితయని సికింద్రాబాద్ అంత పరేషాన్. మాకు, పక్కింటి ఖాసిం భాయ్‌కి నడుమ ఒకటే గోడ, నేను కట్టిందే. బిడ్డ పెండ్లిల వండనీకని కొన్న పెద్ద రాగి దేగిశ తెచ్చి ఆయన నా చేతుల పెట్టిండు.

"గోడల దాచు మేస్త్రీ. నీ పని మీద నాకు భరోస."

గోడకు పొక్క చేసి, ఆ దేగిశను మా ఇత్తడి బిందెలను లోపట పెట్టి, ఇటుకలతోని మూసిన. గోడ పొంటి ఉన్న మా బట్టల పెట్టె, గదే సందుగ, దాని అంచుకెల్లి ఏడు జానలు, గుర్తు పెట్టుకున్న. కొత్త గచ్చు కానరావద్దని ఇల్లంత సున్నం ఏపిచ్చిన.

అంత సల్లబడ్డది. పెండ్లి వారం దినాలే ఉందని ఖాసిం భాయ్ కబురు పంపిండు. ఏడు జానలు కొలిచి తవ్విన. ఏం లేదు. ఇంక లోపటికి తవ్విన. ఎలుతురు వచ్చింది. అవతల ఖాసిం భాయ్ పళ్లెం ముంగట కూసున్నడు.

"సలాం మేస్త్రీ. దర్వాజకెల్లి సుత రావొచ్చు" అన్నడు.

దేగిశ ఏదని అడగలే. గదే నా పానం తీసింది.

నా పెండ్లాం లచ్చవ్వ గంటె పట్టుకొని గోడ తట్టుకుంట పోయింది. నాలుగు జానల అవతల ఆగింది.

"గీడ డొల్లగ మోగుతుంది. ముందే తట్టి చూడరాదయ్యా?"

"తట్టేది ఇల్లు కొనేటోళ్లు. కట్టినోడు గాదు" అన్న.

పెండ్లికి ఆ దేగిశలనే వండిండ్రు. పొక్క నేనే పూడ్చిన. ఏడ ఉండెనో ఇప్పుడు ఎవ్వలికి తెల్వదు.

అందుకే ఆ మాటకు అర్థం జెర మంచిగ చెప్తున్న. పని రానోడు చేసేది ఎడ్డి పని. పని మరీ వచ్చినోడు చేసేది నర్సింగం.

యాదగిరేమో ఉత్తగ తవ్విన పొక్కలు మూడు అంటడు. సున్నం ఏసేటప్పుడు సందుగ జరిపింది ఆయనే, గది మాత్రం చెప్పడు. అడిగితే, జరుపుమన్నది నేనేనంటడు. అన్ననేమో. సదువు బాగొచ్చినోళ్లు ఎవలన్న ఆయనకు ఒక కార్డు రాయుండ్రి, పొక్క ఒక్కటే అని.