ఆర్గన్ అవ్వ చేతుల గురించి

మా బోధన్ చర్చిలో ఆదివారపు బడి పిల్లలకు ఇప్పటికీ ఒక సంగతి చెబుతారు. ఆర్గన్ వాయించే ఒక అవ్వకు ముసలితనంలో చేతులు పడిపోయాయని, సంఘమంతా ప్రార్థన చేస్తే దేవుడు ఆ చేతులను బాగుచేశాడని. మొన్న మా చెల్లెలి కూతురు ఇంటికి వచ్చి అదే కథ నాకు చెప్పింది. మధ్యలో ఆపి, "అవ్వ నీకు ఎరుకేనా మామా?" అని అడిగింది. ఎరుకే అన్నాను. అంతకు మించి చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఆర్గన్ మిషన్ కాలం నాటిది. ముందువైపు బంగారు పూత పూసిన గొట్టాలు నిలువునా వరసగా ఉండేవి. అవి అందానికి పెట్టినవే, వాటిలోంచి గాలి పోదు. చప్పుడు పుట్టేది లోపలున్న రీడ్లలో, అంటే పలుచటి ఇత్తడి రేకుల్లో. కింద ఉన్న రెండు పలకలను కాళ్లతో తొక్కుతుంటే తోలుతిత్తి గాలిని లాగేది, ఆ గాలికి రీడ్లు మోగేవి. మా బాపు షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చెరుకు సీజన్‌లో రాత్రి పాళీ దిగి, ఒంటిమీద మడ్డి వాసనతోనే ఆదివారం ఆరాధనకు వచ్చి గోడకు ఆనుకొని కూర్చునేవాడు. మొదటి కీర్తన అయ్యేదాకా కళ్లు తెరిచి ఉంచేవాడు. తర్వాత నిద్రపోయేవాడు. ఆర్గన్ కోసమే వస్తానని మా అమ్మతో అనేవాడు.

వాయించే అవ్వ మిషన్ దవాఖానలో ఆయాగా చేసి రిటైరైంది. చిన్నప్పుడు మిషన్ దొరసాని పక్కన నిలబడి చూసి నేర్చుకుందట. స్వరాలు రాసిన పుస్తకం చదవడం రాదు. పాట పేరు చెబితే చాలు, వేళ్లు వాటంతటవే నొక్కాల్సిన మెట్ల మీదికి పోయేవి. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి, చీర కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకొని, ఉత్త కాళ్లతో ఆ పలకలు తొక్కేది.

వాయించే ముందు ఆమె రెండుసార్లు గట్టిగా తొక్కేది. తిత్తి "హుస్" మని పొడుగ్గా ఊపిరి లాగేది. చరణానికీ చరణానికీ మధ్య కూడా అంతే. తోలు పాతబడి ఆ చప్పుడు చివరి వరసదాకా వినబడేది. పెట్టె ఆయాసపడుతోందని మేం పిల్లలం నవ్వుకునేవాళ్లం.

నేను పదో తరగతి తప్పి నిజామాబాద్‌లో రేడియో, టీవీల పని నేర్చుకున్నాను. పెళ్లయ్యాక బస్టాండ్ దగ్గర సొంత దుకాణం పెట్టాను. ఆదివారాలు మాత్రం పొద్దున బస్సెక్కి బోధన్ వచ్చేవాణ్ని. తొంభైల చివరికి ఆర్గన్ బాగా పాడైంది. కొన్ని మెట్లు నొక్కితే మూగగా ఉండేవి, ఒకటి ఎవరూ నొక్కకుండానే మోగేది. ఎలుకలు తిత్తిని ఒక మూల కొరికేశాయి. దాన్ని తీసేసి కొత్త కీబోర్డు కొనాలని సంఘ పెద్దలు మాట్లాడుకుంటుంటే నేను లేచి, పెట్టె పెట్టెలాగే ఉంచి లోపల ఎలక్ట్రానిక్ చేస్తానని చెప్పాను. హైదరాబాద్‌లో ఒక పాత కీబోర్డు దొరుకుతుంది, దాని బోర్డు విప్పి ఈ మెట్ల కిందనే అమరుస్తాను, గొట్టాల వెనక స్పీకర్లు పెడతాను అన్నాను. గొట్టాల్లోంచి నిజంగా పాట వస్తుందని ఒక పెద్దాయన సంబరపడ్డాడు. బాపు ఆ రోజు నిద్రపోలేదు.

విప్పే రోజు అవ్వ పక్కన పీట వేసుకొని కూర్చుంది. ఒక్కో రీడు బయటికి తీస్తుంటే చేతిలోకి తీసుకొని కొంగుతో తుడిచింది. ఇక తొక్కే పని లేదు, మోకాళ్ల నొప్పులు తప్పుతాయి అని చెప్పాను. ఆమె చేతిలోని రీడును పక్కన పెట్టింది. తర్వాత, "కాళ్లకు కొంచెం పని ఉంచు కొడుకా" అంది. ముసలామె ముచ్చట అనుకున్నాను. తిత్తి తీసేశాను, పలకలు మాత్రం చూడ్డానికి ఉంచాను. తొక్కితే కిందికి పోతాయి, పైకి వస్తాయి. వాటి వెనక ఏమీ లేదు.

కోతల పండుగ నాడు కొత్త ఆర్గన్ మొదలైంది. చందూర్ నుంచి, మాక్లూర్ నుంచి కూడా జనం వచ్చారు. చర్చి స్తంభాలకు చెరుకు గడలు కట్టారు. ప్రభువు బల్ల ముందు కానుకలుగా వడ్ల బస్తాలు, పసుపు కొమ్ములు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధనకు ముందే నాకు శాలువా కప్పారు. బాపు ముందు వరసలోకి వచ్చి కూర్చున్నాడు.

అవ్వ వాయించడం మొదలుపెట్టింది. చప్పుడు ఎంతో శుభ్రంగా వచ్చింది. కానీ పాట కలవలేదు. ముందున్నవాళ్లు కొందరు వెంటనే ఎత్తుకున్నారు, చాపల మీది ఆడవాళ్లు ఒక మాట వెనకబడ్డారు, చివర నిలబడ్డవాళ్లు ఇంకా వెనక. అవ్వ వెనకవాళ్ల కోసం ఆగింది, ముందువాళ్లు ఆగలేదు. రెండో చరణానికి ఇంకా చెదిరిపోయింది. అందర్నీ ఒక దారికి తేవడానికి ఆమె చప్పుడు పెంచాలనుకున్నట్టుంది, కాళ్లతో గట్టిగా తొక్కుతోంది. చప్పుడు ఉన్నంతే ఉంది. మూడో చరణంలో ఆమె చేతులు ఎత్తేసింది. జనం వాయిద్యం లేకుండానే పాట ముగించారు.

ఆరాధన తర్వాత బయట కానుకగా వచ్చిన గుమ్మడికాయలూ కోళ్లూ వేలం పాడుతున్నారు. సంఘ పెద్ద నన్ను పక్కకు పిలిచాడు. బాపు నా పక్కనే ఉన్నాడు.

"తమ్మీ, మిషిన్‌ల ఏమన్న లోపమున్నదా?"

"మిషిన్ మంచిగనే ఉన్నదన్నా" అన్నాను.

"అయితే అవ్వ చేతులే" అని ఆయన తల ఊపాడు. "వయసు మీద పడె గద."

నేను కాదనలేదు. ఆ రోజుకు నిజంగానే కారణం నాకు తెలియదు. కానీ లోపం ఆమె చేతుల్లో లేదని మాత్రం తెలుసు. నేను ఆ చేతుల పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మెట్టు తప్పలేదు.

ఇంకో రెండు ఆదివారాలు అలాగే గడిచాక ఆర్గన్ ముందు ఒక యువ టీచరును కూర్చోబెట్టారు. అతను మంచివాడు. చప్పుడు పూర్తిగా పెంచి, ఎవరి కోసమూ ఆగకుండా వాయించేవాడు, జనం ఎలాగో వెంటబడేవారు. అవ్వ ఆడవాళ్ల చాప మీదికి పోయి కూర్చుంది. ఆమె చేతుల కోసం ప్రతి వారం ప్రార్థన చేసేవారు. ప్రార్థనలో తన పేరు వచ్చినప్పుడు ఆమె కూడా తల వంచుకొని ఆమెన్ అనేది.

ఎండాకాలంలో ఒక ఆదివారం ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. ఆర్గన్ గొంతు నొక్కినట్టు ఆగింది. "కరెంటు లేకుంటే దేవునికి ఇనబడదా ఏంది, పాడుండ్రి" అని ఎవరో ముసలాయన కసిరాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు చాప మీద నుంచి అవ్వ నోటితో పొడుగ్గా ఊపిరి లాగింది. అందరికీ వినబడేట్టు లాగింది. ఆ వెంటనే చర్చి అంతా ఒక్క గొంతుతో పాట ఎత్తుకుంది.

అప్పుడు నాకు అర్థమైంది. మా వాళ్లలో చాలామందికి చదువు రాదు. పుస్తకం చూసి ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకునేవాళ్లు కాదు. ముప్పై నలభై ఏళ్లుగా ఆ తిత్తి ఊపిరి లాగినప్పుడు వాళ్లూ లాగేవారు, అది మోగినప్పుడు పాడేవారు. ఎవరూ వాళ్లకు అది నేర్పలేదు, అందుకే దాని గురించి ఎవరూ చెప్పలేకపోయారు. నేను రిపేరు అనుకొని ఆ ఊపిరినే తీసేశాను.

ఆ సాయంత్రం అవ్వ ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. చెప్పాల్సిందంతా చెప్పాను. ఆమె చేతులు ఆపకుండానే వింది.

"నాకు ఎరుకే" అంది. "తొక్కుతున్న, తొక్కుతున్న, కాళ్ల కింద ఏం లేదు. బాయి మీద బొక్కెన లేని తాడు గుంజినట్టుండె."

"మరి ఆనాడే ఎందుకు చెప్పలేదవ్వా?"

"నువ్వు శాలువా కప్పుకొని నిలబడితివి. మీ బాపు నీ దిక్కే చూస్తుండె. గప్పుడు నేనేం చెప్పాలె?"

ఇంకో గింజ తీసి పక్కన పడేసింది. "చేతులదేముంది గని, ప్రార్థన చేసేటప్పుడు మాత్రం సిగ్గయితది. లేని రోగానికి దేవున్ని సతాయించుడు."

తర్వాతి నెలలో తిత్తి మళ్లీ కట్టాను. మెత్తటి మేకతోలు తెచ్చాను. ఈసారి అది రీడ్ల కోసం కాదు. తొక్కితే ఊపిరి చప్పుడు రావాలి, గట్టిగా తొక్కితే పాట పెరగాలి, మెల్లగా తొక్కితే తగ్గాలి. తిత్తి కదలికను వాల్యూమ్‌కు కలపడానికి, పోచంపాడ్ ప్రాజెక్టులో చేపలు పట్టేవాళ్లు వాడే నైలాన్ దారం పనికొచ్చింది. తెగదు, సాగదు. తొక్కడం రాని టీచరు పాతలాగే వాయించుకునేందుకు ఒక స్విచ్చి కూడా పెట్టాను. అవ్వ వచ్చి తొక్కి చూసి, ఇంకొంచెం బరువుండాలని చెబితే స్ప్రింగు మార్చాను. మొదటిసారి సరిగ్గా కుదిరినప్పుడు ఆమె పాటేమీ వాయించలేదు. ఊరికే తొక్కుతూ ఆ హుస్ శబ్దాన్ని వింటూ కూర్చుంది.

కానీ పెద్దలకు నేను చెప్పింది వేరు. ఏడాదికోసారి చేసే సర్వీసింగు అన్నాను. లోపల ఏం మారిందో, ఎందుకు మారిందో చెప్పలేదు. చెబితే ముందుది తప్పని చెప్పాలి. బాపు ఆ శాలువాను ఇనప్పెట్టెలో మడత పెట్టి దాచుకున్నాడు.

కొన్నాళ్లకు టీచరు పెళ్లికని ఊరికి పోతే, ఆ ఆదివారం అవ్వను వాయించమన్నారు. వద్దు వద్దంటూనే లేచింది. చెప్పులు గుమ్మం బయటే ఉన్నాయి. కుచ్చిళ్లు దోపుకొని రెండుసార్లు తొక్కింది. పెట్టె ఊపిరి లాగింది, జనం లాగారు, పాట మొదలైంది. ముసలాళ్లు కొందరు పాడుతూనే ఏడ్చారు. చివరి చరణంలో ఆమె కాళ్లు మెల్లబడితే చర్చి మొత్తం గొంతు తగ్గించింది.

పాట అయ్యాక పాస్టరు అయ్యగారు చేతులు పైకెత్తారు. మన ప్రార్థన దేవుడు విన్నాడు, మన అవ్వ చేతులను బాగుచేశాడు అన్నారు. సాక్ష్యం చెప్పమని ఆమెను పిలిచారు. మా దగ్గర మేలు పొందినవాళ్లు నిలబడి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి.

అవ్వ కొంగు తల మీదికి లాక్కుంది. "నా చేతులకు ఏం కాలేదయ్యా. ఎన్నడు కాలేదు. దేవునికి స్తోత్రం" అంది.

జనం దాన్ని ఆమె వినయం అనుకున్నారు. రోగం వచ్చిన గుర్తే లేనంతగా స్వస్థత కలిగిందని అనుకున్నారు. ఆమెన్ అని గట్టిగా అన్నారు. సాక్ష్యం చెప్పేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని అయ్యగారు అడిగారు. నేను ముందు బెంచీని పట్టుకొని సగం లేచాను. బాపు నా వైపు చూసి నవ్వాడు. నేను కూర్చున్నాను.

బయట కానుగ చెట్టు కింద అవ్వ చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికి పోయాను. ఆమె నా భుజం పట్టుకొని రెండో చెప్పు తొడుక్కుంది.

"లేస్తివి, మల్ల కూసుంటివి. చూసిన" అంది. "ఆకలయితున్నట్టుంది. ఇంటికి పోయి బువ్వ తిను పో."

ఆ తర్వాత ఆమె మూడు నాలుగేళ్లు వాయించింది. టీచరుకు కాళ్లతో తొక్కడం కూడా ఆమే నేర్పింది. ఆమె చనిపోయాక సమాధి కార్యక్రమంలో అయ్యగారు ఆమె చేతుల అద్భుతాన్ని మళ్లీ చెప్పారు. అప్పటికి బాపు కూడా లేడు. నాకు అడ్డం ఎవరూ లేరు. అయినా మట్టి వేసి వచ్చేశాను.

లేని జబ్బు ఒకటి ఆమెకు అంటగట్టాను, తర్వాత రాని స్వస్థత ఒకటి అంటగట్టాను. ఈ రెంటి మధ్యా ఆమె పనితనం పోయింది. ఒక చదువురాని సంఘాన్ని తన కాళ్లతో ఊపిరి పీల్పించి, ఎవరు వెనకబడితే వాళ్ల కోసం ఆగి, నలభై ఏళ్లు పాడించిన మనిషి అని ఎవరూ చెప్పుకోవడం లేదు.

మా సంఘం వాళ్లు దీన్ని నా సాక్ష్యంగా తీసుకోవాలి. ఆర్గన్‌ను పాడుచేసింది నేను. అవ్వ ఆ రోజు నిలబడి చెప్పింది అక్షరాలా నిజం. ఇది ముందు మా చెల్లెలి కూతురికి చదివి వినిపించాను. వచ్చే ఆదివారం బడిలో మిగతా పిల్లలకు ఈ సంగతి చెబుతానంది. నేను కూడా వచ్చి పక్కన నిలబడాలని షరతు పెట్టింది. సరే అన్నాను.