లారీ కేసులో నా వాంగ్మూలం

కోర్టులో కేసు ఓడిపోయినవాళ్లను మీరు చూసే ఉంటారు. తన కేసే లేని కోర్టులో బోనెక్కి, చొక్కా చింపించుకుని వచ్చినవాణ్ణి చూసుండరు. చూడండి, నేనే.

అప్పట్లో ఫిల్మ్ నగర్‌లో సినిమాలకు మాటలు రాసేవాణ్ణి. సగం దర్శకుడు కొట్టేసేవాడు, మిగతా సగం హీరో మర్చిపోయేవాడు. నాకున్న ఏకైక ఆస్తి ఓ పాత కారు. దాన్ని స్టూడియో గేటు పక్కన పెట్టి టీ తాగుతుంటే, సెట్టు సామాను లారీ రివర్సులో వచ్చి అప్పడం చేసేసింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, దర్శకుడు డ్రైవర్ మీద ఉరిమితే డ్రైవర్ నా కారు మీద పడ్డాడు.

లారీ ఒక కంపెనీది, కిరాయికి తిప్పేది ఇంకో కంపెనీ. నేను దావా వేస్తే తప్పు నీదంటే నీదని కొట్టుకున్న ఆ రెండూ, కేసును వేరే కోర్టుకు మార్పించడంలో మాత్రం అన్నదమ్ముల్లా కలిసిపోయాయి.

మా లాయరు యాదగిరి ఫోన్ చేశాడు. "అన్నా, కేసు వేరే కోర్టుకు పోయింది. రేపు గాడికే రావాలె, సమజైందా?"

నేనప్పుడు కథానాయికను ఏడిపించే పనిలో ఉన్నాను. "ఊఁ" అన్నాను.

మర్నాడు ఠంచనుగా పాత కోర్టుకే వెళ్లాను. ఆ హాల్లో ఆరోజు విడాకుల కేసులని నాకేం తెలుసు? "శ్రీనివాస్!" అని పిలిచారు. నా పేరే! ఈ ఊళ్లో రాయి విసిరితే ముగ్గురు శ్రీనివాసులకు తగులుతుందన్న సంగతి తట్టలేదు. ఎగిరి బోనెక్కాను.

"మీ బాధేమిటి?" ఫైల్లోంచి తలెత్తకుండా అడిగారు జడ్జిగారు.

బట్టీపట్టిన డైలాగు వదిలాను. "వెనకాముందూ చూసుకోదు సార్! ఒళ్లంతా బరువు! నోరు తెరిస్తే వీధి వీధంతా అదురుతుంది! పొద్దస్తమానం పొగలు కక్కుతుంది! దీన్ని ఊరి మీదికి వదిలినవాళ్లిద్దరూ మాకేం సంబంధం లేదంటున్నారు!"

ముందు బెంచీలోంచి ఒకావిడ లేచింది. "మా అమ్మానాన్నల్ని కూడా అంటాడా! అసలెవరండీ ఈయన? ఈయన మా ఆయన కాడు!"

అంతలో అసలు శ్రీనివాస్ టీ తాగి లోపలికొచ్చాడు. ఆరడుగుల మనిషి.

"మా ఆవిడనెవడ్రా అనేది?"

నా కాలర్ ఆయన చేతిలో, నా గుండీలు జడ్జిగారి బల్ల మీద.

"లారీ! నేనన్నది లారీని!" అని అరిచాను.

"నన్ను లారీ అంటాడా!" ఆవిడ బ్యాగు విసిరింది. మంచి గురి.

ఆ తర్వాత మొగుడి వైపు చూసి కళ్లు తుడుచుకుంది. "నాకోసం మీరు ఒకళ్లతో తగువు పడతారని కల్లో కూడా అనుకోలేదండీ."

"నిన్ను మాటనే హక్కు నాకొక్కడికే ఉంది" అన్నాడాయన, కిందపడ్డ బ్యాగు తీసి ఆవిడకిస్తూ. విడాకులు అక్కడితో సరి.

బయటికొస్తే యాదగిరి ఫోన్. "ఏడున్నవన్నా? పిలిచి పిలిచి నీ కేసు కొట్టేసిండ్రు! గంతసేపు ఏం జేస్తున్నవ్?"

"కాపురం నిలబెట్టాను" అన్నాను, చిరిగిన చొక్కాను చేత్తో పట్టుకుని.

కారు పోయింది, కేసు పోయింది. ఆ కోర్టు మెట్ల మీదే గుండె మీద చెయ్యేసుకుని ఒట్టు పెట్టుకున్నాను: ఇక బోనులోనైనా బజారులోనైనా, బతికున్నంతకాలం కర్త లేకుండా వాక్యం మొదలుపెట్టను.