మా పిచ్చుక సెలైన్ లెక్కలు

మా మనవరాలు నర్సింగు చదువుతోంది. ఈ మాట నేను కూరగాయల బండివాడికి చెప్పాను, మంగలికి చెప్పాను, కరెంటు మీటరు చూడడానికి వచ్చే అతనికి వచ్చినప్పుడల్లా చెప్పాను. కిందటిసారి అతనే గుమ్మంలోంచి, "మనవరాలు బాగుందాండీ? సెలైన్లు పెట్టడం వచ్చేసిందా?" అని అడిగి నాకు సగం పని తగ్గించాడు.

ఆ పిల్ల పుట్టినప్పుడు రెండు కిలోల రెండు వందల గ్రాములు. అంత బుల్లిది కనుక పిచ్చుక అన్నాం. ఇప్పుడు యాభై నాలుగు కిలోలు. పిలుపు మాత్రం అదే ఉండిపోయింది. ఎనిమిదో నెలలో నిలబడింది, ఏడాది నిండకుండా మేడ మెట్లు ఎక్కింది, రెండో తరగతిలో ఉండగా షాపువాడు చిల్లర తక్కువిస్తే పట్టుకుంది. ఇవన్నీ ఆ పిల్లకి ఎక్కడినుంచి వచ్చాయో వేరే చెప్పాలా?

నేను పల్లెటూరి బడిలో ఏడో తరగతి చదివాను. పంతొమ్మిదో ఎక్కం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. మా బడి నుంచి నెలజీతం ఉద్యోగానికి వెళ్ళిన మొదటివాణ్ణి నేనే. వేబ్రిడ్జి మీద చేరాను. అంటే లారీలకి లారీలే ఎక్కించి తూచే పెద్ద కాటా. రిటైరయ్యేదాకా అక్కడే. నా చేతిమీదుగా వెళ్ళిన బరువులో ఒక్క కిలో అటూ ఇటూ అయిందని అన్న మనిషి లేడు. రౌండు చేసి రాయమని ఓనర్లు బతిమాలారు, బెదిరించారు. ఒకాయన స్వీట్ల డబ్బా కూడా తెచ్చాడు. డబ్బాని కాటా మీద పెట్టి, "దీని బరువు సున్నా చూపిస్తోంది, పట్టుకెళ్ళండి" అని తిరిగి ఇచ్చేశాను. లారీ కాటా మీద స్వీట్ల డబ్బా బరువు ఎలాగూ తెలీదు, అది వేరే సంగతి.

రిటైరయ్యాక ఇంటికి ఒక చిన్న కాటా కొన్నాను. ప్రతి నెలా ఒకటో తారీఖున ఇంట్లో అందరూ దాని మీద ఎక్కాల్సిందే. మా ఆవిడ చెప్పులు విప్పి, గాజులు తీసి, ఊపిరి బిగబట్టి మరీ ఎక్కుతుంది. మా పెద్ద మనవరాలి కొడుకు, అంటే నా ముని మనవడు, గుండుగాడు కూడా ఎక్కుతాడు. ఆరో నెలలో వాడు సరిగ్గా ఏడు కిలోలు. ఈ సంగతి ఊరికే చెప్పడం లేదు. పిచ్చుక చదువు ఈ ఏడు కిలోల దగ్గరే చిక్కుకుంది.

నర్సింగు కాలేజీలో ఒక రూలుంది. వార్డులో కాలు పెట్టాలంటే ముందు మందుల లెక్కల పరీక్ష గట్టెక్కాలి. ఇరవై లెక్కలు. ఇరవైకి ఇరవై రావాలి, పంతొమ్మిది వచ్చినా తప్పినట్టే. రోగికి ఎక్కించే మందు గనక సగం మార్కులతో సరిపెట్టుకోవడం కుదరదట. ఆ రూలు విన్నరోజే ఆ కాలేజీ అంటే నాకు గౌరవం పుట్టింది. మూడు అవకాశాలు ఇస్తారు. మూడూ పోతే తోటివాళ్ళందరూ తెల్లకోట్లు తొడుక్కుని వార్డులకి వెళ్ళిపోతారు, తప్పినవాళ్ళు వచ్చే ఏడు వచ్చే పిల్లలతో కలిసి మళ్ళీ మొదటి బెంచీలో కూర్చోవాలి.

మొదటి పరీక్ష పేపరు పట్టుకుని పిచ్చుక ఇంటికొచ్చింది. మొహం చూస్తేనే తెలిసిపోయింది. పంతొమ్మిది ఒప్పు, ఒకటి తప్పు. వెయ్యి మిల్లీలీటర్ల సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలి, ఆ గొట్టంలో ఇరవై చుక్కలైతే ఒక మిల్లీలీటరు, మరి నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి? ఇదీ లెక్క. మా పిల్ల నలభై ఒకటి పాయింటు ఆరు ఏడు అని రాసింది. మేడమ్ ఎర్ర పెన్నుతో, "ఆ పాయింటు ఆరు ఏడు చుక్కని నాకు చూపించు" అని రాసింది.

నేను వేళ్ళ మీద వేసి చూశాను. "సరిగ్గానే ఉందిగదే!"

"సరిగ్గానే ఉంది తాతయ్యా. కానీ చుక్కల్ని రౌండు చెయ్యాలట. నలభై రెండు అనాలట."

"రౌండా! ఈ ఇంట్లోనా!"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "ఇంకేం, పిల్లని పాడుచేసింది మీరే. ఉప్పు వేస్తుంటే కూడా పక్కన నిలబడి ఎంతేశావు ఎంతేశావు అని అడిగే మనిషి దగ్గర పెరిగితే ఇంతకన్నా ఏమవుతుంది?"

రెండో పరీక్షలో మా పిల్ల చుక్కల్ని రౌండు చేసింది. పళ్ళు కొరుక్కుంటూనే చేసింది. ఈసారి వేరేది తన్నుకొచ్చింది. ఆరు నెలల పాపకి జ్వరం, బరువు పది కిలోలు, కిలోకి పదిహేను మిల్లీగ్రాముల చొప్పున మందు ఇవ్వాలి. సిరప్పులో ఐదు మిల్లీలీటర్లకి నూట ఇరవై ఐదు మిల్లీగ్రాములు ఉంటుంది. మరి ఎన్ని మిల్లీలీటర్లు పొయ్యాలి? జవాబు ఆరు. మా పిచ్చుక నాలుగు పాయింటు రెండు రాసింది. పక్కన ఇంకో మాట కూడా రాసింది: "ఆరు నెలల పిల్లలు పది కిలోలు ఉండరు మేడమ్. మా గుండుగాడు ఆరో నెలలో ఏడే ఉన్నాడు. అందుకని ఏడుకి వేశాను."

ప్రశ్నపత్రంలో బరువునే దిద్దేసింది మా పిల్ల!

ఆ పేపరు చదివి నాకు ఛాతీ ఉప్పొంగింది. నేనైనా అదే రాసేవాణ్ణి. మా కోడలు మాత్రం తల పట్టుకుని కూర్చుంది. "మామయ్యగారూ, మీరు మురిసిపోకండి. ఇంక ఒక్కటే ఛాన్సు మిగిలింది. అది కూడా పోతే ఏడాది వెనకబడిపోతుంది."

పిచ్చుక ఇస్త్రీ చేసి మేకుకి తగిలించిన తెల్లకోటు వంక చూసి, దాన్ని తీసి బీరువాలో పెట్టేసింది. అప్పుడు నేను మురవడం మానేసి పేపరు మడిచేశాను.

మర్నాడు లెక్కలు చెప్పే మేడమ్ పిల్లని పిలిచి కూర్చోబెట్టిందట. పొట్టి మనిషి, గొంతు మాత్రం కాలేజీ అంతా వినిపిస్తుంది.

"ఏమ్మా, నీ గుండుగాడు బాగున్నాడా?"

"బాగున్నాడు మేడమ్. ఇప్పుడు ఎనిమిదిన్నర."

"సంతోషం. వార్డులో బరువు మీద అనుమానం వస్తే నువ్వు అడగాలి, మళ్ళీ తూచాలి. అది మంచి బుద్ధే. కానీ పరీక్ష హాల్లో కాటా ఉందా?"

"లేదు మేడమ్."

"మరి పేపర్లో ఇచ్చిన బరువుకే వెయ్యి. జవాబు వచ్చాక మాత్రం ఆ మందు చేతిలోకి తీసుకున్నట్టు ఊహించు. ఇంత మందు ఆ మనిషికి పడుతుందా? ఆ సిరంజిలో పడుతుందా? అక్కడ మాత్రం నీ గుండుగాణ్ణి ఎంతసేపు కావాలంటే అంతసేపు తలుచుకో."

పోతూ పోతూ గడువు దాటిపోయిన సెలైన్ సీసా, గొట్టం ఒకటి ఇచ్చి ఇంట్లో అలవాటు చేసుకోమందట. ఆవిడ మంచిదని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను.

ఇక మా ఇల్లు చూడాలి! వరండాలో బట్టల తీగకి సీసా వేలాడింది. కుంకుమ కలిపి రంగు నీళ్ళు పోశాం, చుక్కలు బాగా కనబడాలని. కింద బకెట్టు. మా ఆవిడ గడియారం పట్టుకుని కూర్చుంటే పిచ్చుక చుక్కలు లెక్కపెట్టేది. పక్కింటావిడ వచ్చి, "ఏంటండీ, ఇంట్లో ఎవరికి బాలేదు?" అని అడిగేసరికి లెక్క తప్పేది. ముప్పై రెండా ముప్పై మూడా అని ఇద్దరూ కీచులాడుకునేవారు. మళ్ళీ మొదటినుంచి.

నేను మాత్రం చుక్క దగ్గర మొహం పెట్టి కూర్చున్నాను. ఆ పాయింటు ఆరు ఏడు చుక్క ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలని. గొట్టం చివర చుక్క చిన్నగా మొదలైంది, ఉబ్బింది, వేలాడింది. పడితే మొత్తం పడింది, లేకపోతే అసలు పడలేదు. సగంలో తెగింది ఒక్కటీ లేదు. మెడ పట్టేసేదాకా చూశాను.

"చుక్కని కొయ్యలేంరా," అన్నాను. "రౌండు చెయ్యి. ఫర్వాలేదు."

మా ఆవిడ గడియారం కింద పెట్టేసింది. "పెళ్ళయిన నాటినుంచి చూస్తున్నాను. ఈయన నోట ఫర్వాలేదు అనే మాట వినడం ఇదే మొదలు. ఈయనకి కూడా ఏదైనా మందు ఎక్కించావుటే పిచ్చుకా?"

సీసా లెక్క కుదిరాక బరువుల లెక్క పట్టుకున్నాం. ఇంట్లో అందరం రోగులమైపోయాం. నేను మంచం మీద వెల్లకిలా పడుకుని, "నేను డెబ్భై కిలోల మనిషిని, నాకు కిలోకి రెండు మిల్లీగ్రాములు ఇవ్వమన్నాడు డాక్టరు" అన్నాను.

"మామయ్యగారూ, మీరు అరవై ఎనిమిదే కదా!" అంది మా కోడలు కావాలని.

పిచ్చుక నా వైపు చూసింది, కాటా వైపు చూసింది. పెదవి కొరుక్కుంది. "పేపర్లో డెబ్భై. డెబ్భైకే వేస్తాను. నూట నలభై."

ఇల్లంతా ఒకటే చప్పట్లు. గుండుగాడు ఎందుకో తెలియకుండానే అందరికన్నా గట్టిగా కొట్టాడు. ఆ తరవాత ఇంట్లో ఏ మాటైనా లెక్కలోనే. టీ అడిగితే మా కోడలు, "వంద మిల్లీలీటర్లు, ఐదు నిమిషాల్లో తాగాలి. నిమిషానికి ఎన్ని చుక్కలో చెప్పిన వాళ్ళకే ఇస్తాను" అనేది. "నాలుగు వందలు!" అని పిచ్చుక అరిచేలోగా నేను అరిచి కప్పు లాక్కునేవాణ్ణి. ఈ వయసులో కూడా నోటిలెక్కలో నన్ను మించినవాళ్ళు మా ఇంట్లో లేరని సభాముఖంగా మనవి చేస్తున్నాను.

మూడో పరీక్ష రోజున నేనూ మా ఆవిడా కాలేజీ గేటు దాకా వెళ్ళి బయట బెంచీ మీద కూర్చున్నాం. లోపల జరిగింది పిచ్చుక తరవాత చెప్పింది.

ఆరో లెక్కలో ఏడు నెలల పిల్లాడు, పన్నెండు కిలోలు. మేడమ్ కావాలనే పెట్టిందని నా నమ్మకం. మా పిల్ల కళ్ళు మూసుకుని, గుటక మింగి, పన్నెండుకే వేసిందట. అక్కడ గెలిచింది. ఇరవై లెక్కలూ అయ్యాక మొదటినుంచి ఒక్కో జవాబూ చేతిలోకి తీసుకుని చూడడం మొదలుపెట్టింది. ఈ మాత్ర ఒకటిన్నర, మింగగలడు. ఈ సెలైన్ నిమిషానికి ముప్పై ఒక్క చుక్కలు, బాగుంది. పదిహేడో లెక్క దగ్గరికి వచ్చింది. నెలల పసివాడికి ఇరవై మిల్లీగ్రాముల ఇంజెక్షను. రెండు మిల్లీలీటర్ల సీసాలో ఎనభై మిల్లీగ్రాములు. తను రాసిన జవాబు ఐదు మిల్లీలీటర్లు.

ఐదా? సీసాలో ఉన్నదే రెండు. అంటే రెండున్నర సీసాలు! అంత మందూ ఆ బుల్లి తొడలోకా!

"అమ్మ బాబోయ్!" అని పైకే అరిచేసిందట.

హాలంతా తలెత్తి చూసింది. మేడమ్ కళ్ళజోడు సర్దుకుంది. "ఏమైందమ్మా?"

"పిల్లాడికి ఎక్కువైపోయింది మేడమ్!"

"అయితే తగ్గించు మరి. అరిస్తే తగ్గదు."

హాలంతా నవ్వులు. మా పిచ్చుక మళ్ళీ వేసింది. పాయింటు జారిపోయింది. జవాబు సున్నా పాయింటు ఐదు. ఆ ముందు సున్నా తప్పకుండా రాయాలి, లేకపోతే పాయింటు కనబడక సగం మిల్లీలీటరు ఐదు మిల్లీలీటర్లయి కూర్చుంటుందట. పాత జవాబు మీద ఒక్క గీత గీసి, వార్డులో రాసినట్టే పక్కన సంతకం పెట్టి పేపరు ఇచ్చేసింది.

దిద్దేదాకా పిల్లలందరూ గేటు దగ్గరే. మా ఆవిడ దేవుళ్ళందరికీ ఒక్కొక్కరికి ఒక్కో మొక్కు చొప్పున పంచిపెడుతోంది. నేను గేటు దగ్గర వాచ్‌మన్‌కి పంతొమ్మిదో ఎక్కం ఒప్పజెబుతున్నాను, అతను అడక్కపోయినా. అంతలో పిచ్చుక బయటికి వచ్చింది. మొహంలో ఏమీ లేదు. దగ్గరికి వచ్చి పేపరు నా చేతిలో పెట్టింది. నాకు కళ్ళజోడు దొరకలేదు.

"ఎంతే? చెప్పవే!" అంది మా ఆవిడ.

"ఇరవై."

"ఎన్నింటికి?"

"ఇరవైకే నాయనమ్మా!"

ఆ రోడ్డు మీద మా ఆవిడ గెంతింది. మోకాళ్ళ నొప్పులని ఏడాదిగా మేడ ఎక్కని మనిషి! నేను వాచ్‌మన్‌ని కావలించుకున్నాను. అతను కూడా నన్ను కావలించుకున్నాడు. వాళ్ళమ్మాయి కూడా ఆ కాలేజీలో చేరబోతోందట.

మొన్న సోమవారం పిచ్చుక తెల్లకోటు తొడుక్కుని మొదటిసారి వార్డుకి వెళ్ళింది. పక్కన సిస్టరు నిలబడి చూస్తుండగా ఒక పెద్దాయనకి సెలైన్ చుక్కలు సరిచేసింది. "ఎప్పటికి అయిపోతుందమ్మా?" అని ఆయన అడిగితే, "నాలుగింటికి తాతగారూ" అంది. ఆయన సంబరపడిపోయి వార్డంతా చాటాడు. "చూస్తూ ఉండండి, సరిగ్గా నాలుగింటికి!" అని చేతులు తిప్పుతూ పక్క మంచాలవాళ్ళకి చెప్పాడు. మూడున్నరకి చూస్తే సీసాలో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉంది. చెయ్యి మడిచినప్పుడల్లా చుక్కలు ఆగిపోయాయి మరి.

పిచ్చుక గడియారం చూసుకుని చుక్కలు మళ్ళీ లెక్కపెట్టి, "తాతగారూ, మీ చెయ్యి తిన్నగా ఉంటేనే నా లెక్క తిన్నగా ఉంటుంది. ఇప్పుడు నాలుగున్నర అవుతుంది" అందట.

ఆయన తప్పు చేసిన పిల్లాడిలా చెయ్యి చాపి మంచానికి అదిమిపెట్టాడు. టీ వచ్చినా కదల్లేదు, వాళ్ళావిడ గ్లాసు నోటికి అందించాల్సి వచ్చింది. ముక్కు దురద పుడితే పక్క మంచం అతన్ని గోకమన్నాడు. నాలుగున్నరకి సీసా ఖాళీ అయింది. పిచ్చుక వెళ్ళి గొట్టం తీసి దూది పెట్టి నొక్కింది.

"ఇంక మడవచ్చా తల్లీ?" అని అడిగాడట ఆయన.

"కాసేపు ఆగి మడవండి తాతగారూ" అంటే, సరేనని అలాగే చాచి పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ ఆ చేతినే చూపించాడట.